ఇత్తడి పలక మీద పేరు

రోజూ పొద్దున్నే ఆరున్నరకి ఎతేరి మెట్లు దిగి, వీధి తలుపు బయట నిలబడి తలుపు గంటల మీటల వైపు ఓసారి చూసేది. ఆ తర్వాతే పనికి. ఊరి చివరి హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. రెండో అంతస్తు మీట పక్కన తన పేరుందా లేదా అన్నదే ఆవిడ దిగులు.

ఉండేది కాదు. ముందురోజు మధ్యాహ్నం అంటించిన చీటీ పొద్దుటికల్లా మాయం. దాని చోట కత్తి గీతలు.

జార్జియా నుంచి ఈ దేశం వచ్చి పదకొండేళ్లయింది. అన్నేళ్లూ పరాయి ఇళ్లలో ముసలివాళ్లకి సూపు తాగించి, వాళ్ల మంచాల పక్కనే నడుం వాల్చింది. ఈ ఏడు శాశ్వత నివాసం కార్డు చేతికొచ్చింది. యాభై మూడో ఏట, తన తాళంచెవికి తెరుచుకునే రెండు గదులు అద్దెకి తీసుకుని ఈ సముద్రపొడ్డు ఊరికి వచ్చింది. ఇక మునిసిపాలిటీ రిజిస్టరులో పేరెక్కాలి. అది లేకపోతే డాక్టరు లేడు, గుర్తింపు కాగితం లేదు, చేతిలో కార్డు ఉండీ లేనట్టే.

"నలభై అయిదు రోజుల్లోపు మా పోలీసు వచ్చి చూస్తాడు. ఎప్పుడొస్తాడో చెప్పం. గంట పక్కన మీ పేరుండాలి. రెండుసార్లొచ్చినా దొరక్కపోతే దరఖాస్తు కొట్టేస్తాం" అంది కౌంటర్లో ఆవిడ.

చీటీ గీకుతున్నది ఇంటి యజమాని వీతాంతోనియో. చలికాలంలో గదులు ఖాళీగా ఉన్నప్పుడు నవ్వుతూ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఈస్టరు దగ్గర పడి టూరిస్టులు దిగడం మొదలయ్యేసరికి ఆ నవ్వు ఎటో పోయింది. ఎతేరి పేరు రిజిస్టరుకెక్కితే ఇక కదిలించడం కష్టం. ఎక్కకపోతే వేసవిలో గదులు ఎక్కువ అద్దెకి టూరిస్టు కుర్రజంటలకి ఇచ్చుకోవచ్చు. కింది అంతస్తులో కాపురం, జేబులో గోడల సున్నం గీకే కత్తి. ఇంకేం కావాలి?

నిలదీస్తే చేతులు తిప్పేశాడు. "గాలికి ఊడిపోయుంటుంది. అయినా ఏమిటా పేరు? మఖ... ఏదో. నా నోరు తిరగదు. నిన్ను జార్జియా అనే పిలుస్తాలే."

దరఖాస్తు పెట్టిన పన్నెండో రోజున పోలీసు రానే వచ్చాడు. ఎతేరి అప్పుడు హోటల్లో ఉంది. జరిగిందంతా మూడో అంతస్తు నున్సియా పిన్ని బాల్కనీలోంచి వింది. ఆ సాయంత్రం ఒళ్లో జల్లెడ పెట్టుకుని చిక్కుడు గింజలు వలుస్తూ పూసగుచ్చినట్టు చెప్పింది.

"గుమ్మంలో నిలబడి ఏమన్నాడో తెలుసా? 'ఆ పేరు గలవాళ్లెవరూ ఇక్కడ లేరండీ. నేనెప్పుడూ వినలేదు' అన్నాడు. పాపం ఆ పోలీసు రాసుకుపోయాడు."

ఎతేరికి ఒళ్లు భగ్గుమంది. పదకొండేళ్లు తల వంచుకున్న మనిషి. ఏ ఇంట్లోనూ గట్టిగా తలుపు కూడా వెయ్యలేదు. ఆ పూట మాత్రం వాడి పీక పట్టుకోవాలనిపించింది.

"వెళ్లి కడిగిపారేస్తా పిన్నీ."

"కడిగితే వాడు దులుపుకుంటాడు. కూర్చో. ఈ భవనం సంగతి నీకింకా తెలీదు. ఇక్కడ ఒకరి పేరు గీకితే, అది గీకినవాళ్ల పేరు మీదికెళ్లి కూర్చుంటుంది. నా పెళ్లయిన కొత్తలో మా ఆడబిడ్డ నా పేరు గీకేసింది. ఆర్నెల్లు దాని ఉత్తరాలన్నీ నాకే వచ్చాయి." కొళాయి నీళ్లలో సున్నం ఎక్కువ అన్నంత మామూలుగా చెప్పి, ఇంకో కాయ ఒలిచింది.

"ఆయనకి తెలీదా ఈ సంగతి?"

"ఎందుకు తెలీదు? ఇక్కడే పుట్టాడు. కానీ వాడిది వాళ్ల తాత వాడి పేరిట చెక్కించిన ఇత్తడి పలకాయె. కాగితం పేర్లకే ఆ తిప్పలని ధీమా. దాని వంక చూసి ఎన్నేళ్లయిందో!"

ఎతేరి కిందికి దిగి చూసింది. నిజమే. అన్నిటికన్నా కింద, వీతాంతోనియో అని లోతుగా చెక్కిన పలకలో మొదటి అక్షరం లేదు. దాని చోట తన పేరులోని మొదటి అక్షరం, అంతే లోతుగా, అంతే వయసుగా ఉంది.

ఆవిడ వేలితో ఆ అక్షరాన్ని తడిమి చూసింది. తర్వాత మెట్లెక్కి, కొత్త చీటీ తీసి, ఇంకొంచెం పెద్ద అక్షరాలతో పేరు రాసింది.

అప్పట్నుంచి అదో వ్రతమైపోయింది. మధ్యాహ్నం పనినుంచి రాగానే, వీతాంతోనియో కిటికీలోంచి చూస్తున్నాడని రూఢి చేసుకుని మరీ అంటించేది. ఓ రోజు ఎర్ర సిరా. ఓ రోజు చీటీ చుట్టూ పువ్వులు. అతనికి కంపరమెత్తి తెల్లారేలోపు గీకేవాడు. ఒకసారి కత్తితో సహా ఆవిడకి దొరికిపోయి, ఏమైనా అంటుందేమోనని చూశాడు. "గాలి ఎక్కువగా ఉంది కదండీ" అని నవ్వి వెళ్లిపోయింది.

అలాగని గుండె నిబ్బరంగా ఉందని కాదు. చీటీ లేని పూట పోలీసు వచ్చాడంటే అంతా అయిపోతుంది. మెదలకుండా చీటీని కాపలా కాసుకుంటే చాలు, రిజిస్టరులో పేరెక్కుతుంది. ఆ మాట తనకి తానే రోజూ చెప్పుకునేది. చెప్పుకుని, మళ్లీ అతని కళ్లెదుటే అంటించేది. ఆవిడకి ఇప్పుడు రిజిస్టరు ఒక్కటే చాలదు.

పలక మీద అక్షరాలు మారడం వీధిలో అందరూ చూశారు. రొట్టెలవాడు చూశాడు, పోస్టు మనిషి చూసింది. ఎవరూ అతనికి చెప్పలేదు. చెప్పాలనిపించేంత మంచితనం అతను ఎవరి దగ్గరా మిగుల్చుకోలేదు.

నలభై ఒకటో రోజు ఆదివారం కాకపోయినా ఎతేరికి సెలవు. పొద్దున దిగి చూస్తే తన మీట పక్కన ఖాళీ. కింద ఇత్తడి పలక మీద మాత్రం, చివరి అక్షరంతో సహా, ఎతేరి మఖరాద్జే.

పది గంటలకి పోలీసు వచ్చాడు. పేర్లన్నీ చదివి, ఇత్తడి పలక పక్క మీట నొక్కాడు. గంట వీతాంతోనియో ఇంట్లో మోగింది. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"ఎతేరి మఖరాద్జే గారి ఇల్లేనా?"

"చెప్పాను కదండీ, ఆ పేరు గలవాళ్లు..."

"ఇక్కడ చెక్కి ఉందిగా. మీరెవరు?"

అతను పలక చూశాడు. గబగబా గుర్తింపు కార్డు తీశాడు. ఫొటో ఉంది, పుట్టిన తేదీ ఉంది. పేరుండాల్సిన చోట ఒట్టి తెలుపు.

"దీంతో ఏం తేలుతుందండీ?" అన్నాడు పోలీసు విసుగ్గా. ఇలాంటివి చూడటం అతనికి కొత్తేం కాదు.

అప్పటికి ఎతేరి మెట్లు దిగి వచ్చింది. కార్డు చూపించింది, ఒప్పందం చూపించింది. పోలీసు పైకెళ్లి ఆవిడ మంచం, పొయ్యి, కిటికీలో ఆరేసిన తువ్వాలు చూసి కిందికొచ్చి సంతకం పెట్టాడు. ఒక్క నిమిషం పని. దానికి నలభై ఒక్క రోజులు.

"ఇంకొక్కటమ్మా. ఈయన పేరు వీతాంతోనియో అట, ఈ ఇంట్లోనే ఉంటాడట. ఈ భవనంలో రిజిస్టరైనవాళ్లు ఒక్కరు సాక్ష్యం చెబితే చాలు, ఇక్కడే రాసేసుకుంటా. మీరు ఎరుగుదురా?"

వీతాంతోనియో ఆవిడ వైపు తిరిగాడు. మొహం పాలిపోయింది. "సిన్యోరా ఎతేరీ, మీరు చెప్పండి. నేనెవరో మీకు తెలుసు కదా. సిన్యోరా మఖరాద్జే..." నోరు బ్రహ్మాండంగా తిరిగింది.

పైన బాల్కనీలో చిక్కుడు కాయల చప్పుడు ఆగింది.

ఎతేరి అతన్ని తేరిపార చూసింది. జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగింది కూడా. కలగలేదు.

"ఆ పేరు గలవాళ్లెవరూ ఇక్కడ లేరండీ. నేనెప్పుడూ వినలేదు."

పోలీసు రాసుకుపోయాడు.

ఇప్పుడు వీతాంతోనియో మునిసిపాలిటీ వరసలో నంబరు చీటీ పట్టుకుని నిలబడుతున్నాడు. నలభై అయిదు రోజులు, గంట పక్కన పేరు, ఎప్పుడొస్తారో చెప్పరు. ఎతేరి మీట పక్కన ఖాళీగా మిగిలిన చోట వణుకుతున్న అక్షరాలతో తన పేరు రాసి అంటించుకున్నాడు. పొద్దున ఆరున్నరకి దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎతేరి ఆ చీటీని తాకదు. తాకితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు.

భుజాన సంచీ సర్దుకుని, అతని ముందు ఆగి, రోజూ ఎంతో మర్యాదగా అడుగుతుంది.

"శుభోదయమండీ. ఇంతకీ మీ పేరేమిటన్నారు?"