పై అంతస్తు ఫోల్డరు

వుకాషిన్ పొద్దుటినుంచి ఎనిమిదోసారి పాస్‌వర్డు కొట్టాడు. ఎనిమిదోసారీ అదే జవాబు: పేరో పాస్‌వర్డో తప్పు. లాగిన్ అంటారు గానీ, ఎంత లాగినా ఆ ఫోల్డరు అతన్ని లోపలికి లాక్కోలేదు.

ఫోల్డరు పేరు ‘నాన్న’. ఉండేది పై అంతస్తులో, తమ్ముడు గ్వోజ్దెన్ కంప్యూటర్లో. పోయే ముందు ఏడు, ఇంటి వేల్పు పండగనాడు, నాన్న గ్లాసెత్తి అందరి ఆరోగ్యం కోరుతూ మాట్లాడిన నాలుగు నిమిషాలు అందులో ఉన్నాయి. ఏటా మధ్యాహ్నం పన్నెండింటికి, పండగ రొట్టె కోసే ముందు, కింది అంతస్తులో వుకాషిన్ ఆ గొంతు వినిపిస్తాడు. చుట్టాలు కళ్ళు తుడుచుకుని, ఆ తర్వాతే తిండి మీద పడతారు. ఇప్పుడు పదకొండున్నర. బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది, చక్కెరా అక్రోటు పొడీ కలిపిన గోధుమల పళ్ళెం సిద్ధంగా ఉంది. గొంతే లేదు.

వుకాషిన్ వాల్యెవో ఊరి టెలిఫోన్ ఆఫీసులో ఇరవైతొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరైనవాడు. తెలియనివాడిలా తికమకపడడు, తెలిసినవాడిలా అనుమానపడతాడు. రౌటరు ఆపి మళ్ళీ పెట్టాడు. తన ల్యాప్‌టాప్‌లో దాచి ఉన్న పాత పాస్‌వర్డు చెరిపేసి కొత్తగా కొట్టాడు. పేరుతో కాకుండా అంకెల అడ్రసుతో వెళ్ళి చూశాడు. పై కంప్యూటరు కనిపిస్తూనే ఉంది. పిలిస్తే పలుకుతోంది. గడప మాత్రం దాటనివ్వడం లేదు. మొన్నటిదాకా పంచుకున్న ఫోల్డరు ఇవాళ పంచాయితీ ఫోల్డరయింది.

చిరాకెత్తి, తొమ్మిదోసారి పాస్‌వర్డేమీ కొట్టకుండా ఖాళీ గడి మీదే ఎంటర్ నొక్కాడు. ఈసారి జవాబు మారింది: ఈ ఖాతా మీద ఆంక్షలు ఉన్నాయి, రానివ్వడం కుదరదు.

“చూశావా,” అన్నాడు భార్య ల్యూబింకాతో. “ఆంక్షలు పెట్టాడు నీ మరిది.”

ఆవిడ క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన సార్మా గిన్నె మీద మూత సర్దుతోంది. “పైకెళ్ళి అడగొచ్చుగా. పదిహేడు మెట్లు.”

“అడిగితే చులకనవుతాం.”

“అడక్కపోయినా అయ్యేట్టున్నాం. చుట్టాలు గుమ్మంలోకి వచ్చేశారు.”

“పోయిన నెల ఏమన్నాడో మర్చిపోయావా? ‘అన్నా, పండగ ఒక్క ఏడన్నా పైన చేద్దామా?’ అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నా. వాడు ఊరుకోలేదు. గొంతు ఎక్కడుంటే జనం అక్కడికే పోతారని లెక్కేశాడు. ఇవాళ నాన్న గొంతు, రేపు రొట్టె, ఎల్లుండి కొవ్వొత్తి.”

“నువ్వు ఇంకో పావుగంట ఇలాగే ఆలోచిస్తే ఇల్లు కూడా లాగేసుకుంటాడు.”

ఆ ఇంట్లో నెట్టుకి వైరు లేదు గానీ, వుకాషిన్ కడుపులో వైరం బాగానే అల్లుకుంది. తమ్ముణ్ణి పిలవకుండానే రొట్టె కోసేద్దామా అని కూడా అనుకున్నాడు. ఆచారం ప్రకారం ఆ రొట్టెని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని తిప్పాలి. ఒక్కడే తిప్పడం ఎలాగో తోచక, చివరికి మెట్లెక్కాడు.

పై గుమ్మం బార్లా తెరిచి ఉంది. బీరువా తలుపులూ తెరిచే ఉన్నాయి. కంప్యూటరు ముందు ముగ్గురు చుట్టాలు పాత ఫోటోలు చూసుకుంటూ నవ్వుతున్నారు.

గ్వోజ్దెన్ లేచి నిలబడ్డాడు. మొహం బిగిసి ఉంది. “వచ్చావా. పొద్దుటినుంచి కింద ఏదో గుట్టుగా చేస్తున్నావు. ఈసారి నన్ను రొట్టె దగ్గరికి పిలవవేమో అనుకున్నా.”

“నేనా గుట్టు? ఫోల్డరుకి తాళం వేసిందెవరు?”

“తాళమా? పండగరోజు ఇంట్లో దేనికీ తాళం ఉండకూడదని నాన్న అనేవాడా కాదా? బీరువా తీశా, కింద సారా గది తీశా. వచ్చినవాళ్ళు నన్ను అడక్కుండా ఫోటోలు చూసుకుంటారని పొద్దున్నే దీని పాస్‌వర్డు కూడా పీకేశా. నువ్వు తాళమంటావేంటి?”

వుకాషిన్ ఒక చుట్టాన్ని పక్కకి జరిపి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. ఏమీ అడక్కుండా తెరుచుకుంది. వుకాషిన్ చెవులు ఎర్రబడ్డాయి.

“పాస్‌వర్డు లేని ఖాతాలోకి,” అన్నాడు నెమ్మదిగా, “ఎదురుగా కూర్చున్నవాణ్ణి రానిస్తుంది. దూరంనించి వచ్చేవాణ్ణి రానివ్వదు. దొంగ అనుకుంటుంది.”

“అంటే నేను తలుపు తీస్తే నీకు మూసుకుందా?”

“అంతే.”

“మరి నువ్వేమనుకున్నావు?”

వుకాషిన్ కొత్త పాస్‌వర్డు పెట్టే గడి తెరిచి, వేళ్ళు మీటల మీద ఆపాడు. “అటు తిరుగు.”

“అన్నా, ఇది నా కంప్యూటరు.”

వుకాషిన్ ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాడు. ముగ్గురు చుట్టాలూ విన్నారు. విననీ అనుకున్నాడు.

“వచ్చే ఏడు పండగ పైన చేద్దాం,” అన్నాడు లేస్తూ. “మెట్లు ఎన్నున్నాయో ల్యూబింకాకి తెలుసు.”

పన్నెండుకి రెండు నిమిషాల ముందు కింద ఫోల్డరు తెరుచుకుంది. అన్నదమ్ములు రొట్టెకి చెరోవైపు చేతులు వేసి నిలబడ్డారు. నాన్న ముందు దగ్గాడు, ఎప్పటిలాగే. తర్వాత విసుక్కున్నాడు: “ఆ తలుపు వేసిందెవర్రా? తీసి ఉంచండి, జనం వస్తారు.”

“తీసినందుకేగా నాన్నా,” గ్వోజ్దెన్ గొణిగాడు, “ఈ గొడవంతా.”