రెండో చిప్ప

ఫిజీ దీవుల్లోని లంబాసా బస్సు డిపోలో ఫోర్‌మన్ పదవి జగనారాయణ్‌కి రావలసింది. రాలేదు. రానివ్వనివాడు మేనేజరు హర్‌దేవ్. ఇందులో అనుమానానికి చోటు లేదు.

శుక్రవారం సాయంత్రం వర్క్‌షాపు రేకుల కింద చాప పరిచి, ప్లాస్టిక్ బేసినులో యంగోనా వేరుపొడిని నీళ్లతో కలిపేవారు, కాస్త మత్తిచ్చే పానీయం. మొదటి కొబ్బరి చిప్ప మేనేజరుది. రెండోది ఎవరికివ్వాలో అతను గడ్డం ఎత్తి చూపించేవాడు. ఆ మనిషి చప్పట్లు కొట్టి, చిప్ప అందుకుని, ఒక్క గుక్కలో తాగి, మళ్లీ చప్పట్లు కొట్టేవాడు. ఎవరు ఎంతటివాడో డిపో అంతటికీ అక్కడే తెలిసిపోయేది. ఏళ్ల తరబడి ఆ రెండో చిప్ప జగనారాయణ్‌దే.

పాత ఫోర్‌మన్ రిటైరయ్యాక ఆ చిప్ప ఒక వారం ఇతనికి, ఒక వారం తోటి మెకానిక్కు అపెనిసాకి పోసాగింది. కొత్త ఫోర్‌మన్ ఎవరన్నది మాత్రం హర్‌దేవ్ తేల్చలేదు. చెరకు కోతలు మొదలై ముగిశాయి. కుర్చీ ఖాళీగానే ఉంది.

అపెనిసా అంటే జగనారాయణ్‌కి కడుపుమంట. వయసులో చిన్నవాడు, పొడగరి. ఇంజను కింద పడుకుని చర్చి పాటలు పాడతాడు. మధ్యాహ్నం అతని పెళ్లాం గేటు దాకా వచ్చి, ఉడికించిన కర్రపెండలం, కొబ్బరిపాలలో వండిన చేప ఇచ్చి, ఏదో అని అతన్ని నవ్వించి వెళుతుంది. జగనారాయణ్ భార్య సుభ్‌రాజీ పోయి రెండేళ్లు. తెల్లవారుజామున తానే కాల్చుకున్న రొట్టెను అతను గోడవైపు తిరిగి తినేవాడు. అన్నీ ఉన్నవాడికి ఆ చిప్ప కూడా ఎందుకు?

హర్‌దేవ్‌కి ఈ మంట తెలుసు. జగనారాయణ్‌ని గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఫోర్‌మన్‌గా తన మనసులో ఉన్నది నువ్వేననీ, అపెనిసాయే నిన్ను ముసలాడంటున్నాడనీ చెప్పేవాడు. అపెనిసా పాటల సాధనకని పని మధ్యలో వెళ్లిపోతున్న సంగతి జగనారాయణ్ అతని చెవికి మోసేవాడు. మోసిన వారం రెండో చిప్ప అతనికి దక్కేది.

ఒకనాడు అపెనిసా తన గిన్నెతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"భయ్యా, నా గురించి నీకేం చెబుతున్నాడు?"

"నన్ను ముసలాడన్నావట."

"అది నేననాలా? నీ జుట్టే చెబుతోంది. కానీ అనలేదు." నవ్వి, అంతలోనే ఆపేశాడు. "నాకేం చెప్పాడో విను. సుభ్‌రాజీ భౌజీ పోయినప్పట్నుంచీ నీకు చెయ్యి ఆడట్లేదంట. బ్రేకు బోల్టులు బిగించడం మర్చిపోతున్నావంట. అతని గదిలో కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చావంట."

ఏడ్చిన మాట నిజం. ఒక్కసారే, తలుపు మూసి ఉండగా. అప్పుడు గదిలో ఉన్నది తనూ హర్‌దేవూ మాత్రమే. చచ్చిపోయిన మనిషిని కూడా వాడుకున్నాడన్నమాట. పనివాళ్ల మధ్య చిచ్చుపెట్టి చలి కాచుకునేవాడు పెద్దరికానికి పనికిరాడని జగనారాయణ్‌కి అప్పుడు తేటతెల్లమయింది.

అపెనిసా ఒక ఉపాయం చెప్పాడు. ఈ శుక్రవారం చిప్ప ఎవరికి వచ్చినా తీసుకోకూడదు. ఫోర్‌మన్ ఎవరో అందరి ముందూ తేల్చమని ఇద్దరూ అడగాలి. ఇద్దరూ ఒక్కమాట మీదుంటే మిగతావాళ్లూ గొంతు కలుపుతారు. జగనారాయణ్ సరేనన్నాడు.

శుక్రవారం హర్‌దేవ్ గడ్డం జగనారాయణ్ వైపు లేచింది.

"పెద్దాయనకి నిండా పొయ్యండ్రా. చిప్ప అంచు దాటి సునామీ రావాలి."

అందరూ నవ్వారు. చిప్ప ముందుకొచ్చింది. ఎదురుగా అపెనిసా తల అడ్డంగా ఊపాడు, వద్దని. అతని భుజాల మీద చెరోవైపు ఒక మెకానిక్కు చెయ్యి ఉంది. తన భుజం మీద ఎవరి చెయ్యీ లేదు. ఇప్పుడు కాదంటే, అడిగిందీ గెలిచిందీ అపెనిసాయే అంటారు. ఆ పేరు కూడా వాడికేనా?

జగనారాయణ్ చప్పట్లు కొట్టాడు. తాగాడు.

మూడో చిప్ప అపెనిసా ముట్టుకోలేదు. ఫోర్‌మన్ ఎవరని ఒక్కడే అడిగాడు. పెద్దవాడు తాగేశాక ఇంకెవరు నోరు విప్పుతారు? తర్వాతి వారమే రాజధాని సువా నుంచి హర్‌దేవ్ మేనల్లుడు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అపెనిసా పని మానేసి చక్కెర మిల్లుకి పోయాడు.

కొన్నాళ్లకు మార్కెట్లో వంకాయల బల్ల దగ్గర ఎదురుపడ్డాడు. పక్కన పెళ్లాం ఉంది. కోపమేమీ లేకుండా అడిగాడు, ఆ రోజు ఎందుకు తాగావని.

జగనారాయణ్ ఆమె వైపు చూసి, సంచి భుజానికెత్తుకున్నాడు.

"ఆ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేను ఎవరి దగ్గరా ఎత్తను."