మెరుపు చూసి కొన్న రేజరు

సోమవారం ఉదయం పెయింటరు నాలుకకి చేదు తగిలింది. నెల తిరక్కుండా ఇది రెండోసారి.

బస్సులకూ అంబులెన్సులకూ బాడీలు కట్టే వర్క్‌షాపులో అతను పదహారేళ్ళుగా రంగు కొడుతున్నాడు. ఆఖరి పూత అతనిదే. అతను కొట్టిన తలుపుల్లో చూసుకుని తోటివాళ్ళు తల దువ్వుకుంటారు. రంగు గదిలోకి వెళ్ళాలంటే మొహానికి మాస్కు బిగించుకోవాలి. ఆ మాస్కు సరిగ్గా అతుక్కుందో లేదో తేల్చడానికి సేఫ్టీ ఆఫీసరమ్మ తలకి సంచిలాంటి ముసుగు తొడిగి, దాని కన్నంలోంచి చేదు మందు పిచికారీ చేస్తుంది. లోపలున్నవాడు తల అటూ ఇటూ తిప్పాలి, వంగి లేవాలి, గోడ మీది కాగితం పైకి చదవాలి. చేదు తెలిసిందంటే మాస్కు అంచున ఎక్కడో సందున్నట్టే.

తప్పు మాస్కుది కాదు, గడ్డానిది. అతని గడ్డం ఇనప బ్రష్షు, చర్మం మాత్రం పసిపిల్లాడిది. నాలుగు బ్లేడ్లు వరసగా పేర్చిన ప్లాస్టిక్ రేజరుతో గీస్తే మర్నాటికి దవడ పొడుగునా ఎర్రటి పొక్కులు లేచేవి. పొక్కులకి జడిసి మూడ్రోజులకోసారి గీసుకునేవాడు. మొదటి పరీక్షకి మూడ్రోజుల గడ్డం అడ్డొచ్చింది, రెండోదానికి తాజా పొక్కులు అడ్డొచ్చాయి. మూడోసారి కూడా తప్పితే రంగు గది మర్చిపోవలసిందే. ప్యాకింగులో కూచుని డబ్బాలకి లేబుళ్ళు అతికించుకోవాలి. గడువు వారం రోజులు.

చేదు తెలీలేదని చెప్పేస్తే పోయేదానికి ఇంత తలనొప్పి ఎందుకని తోటివాళ్ళు అడిగారు. నోట్లోకి తొంగిచూసేవాళ్ళెవరు? ఆ ఆలోచన అతనికీ రాకపోలేదు. కానీ ఇంట్లో ముందు గదిలో మామగారున్నారు. అతనికి స్ప్రే గన్ను పట్టడం నేర్పింది ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే. ఆయన మాస్కనేది ఎరగరు. మూతికి తడిగుడ్డ చుట్టుకుని ముప్పై ఏళ్ళు రంగు కొట్టారు. ఇప్పుడు కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వెళ్ళాలంటే మధ్యలో ఒకసారి ఆగుతారు. చిన్న మాట చెప్పడానికి కూడా రెండు ఊపిర్లు కావాలి. పూటపూటా ఆ ఊపిరి చప్పుడు వింటూ భోంచేసేవాడికి చేదు దగ్గర అబద్ధమాడాలంటే నోరు రాలేదు.

వర్క్‌షాపు నర్సు జాలిపడి ఒక ఉపాయం చెప్పింది. రెండంచుల బ్లేడు ఒక్కటే వేసుకునే పాతకాలపు సేఫ్టీ రేజరు వాడి చూడమంది. ఆ సాయంత్రమే పెయింటరు కత్తెరలూ బ్రష్షులూ గడ్డం సబ్బులూ అమ్మే షాపుకి వెళ్ళాడు. షాపాయన మొహంలో కనుబొమలు తప్ప మరో వెంట్రుక లేదు. ఆయన మూడు రేజర్లు తెచ్చి గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాడు.

బ్లేడుకీ దాని కిందనున్న కమ్మీకీ మధ్య ఎంత ఎడముందో చూసుకోవాలన్నాడాయన. ఎడం తక్కువైతే మెత్తగా గీస్తుంది, ఎక్కువైతే కరుకుగా గీస్తుంది, కొత్తవాళ్ళు మెత్తటిదానితోనే మొదలుపెట్టాలి. ఇంత ఓపిగ్గా చెబుతుంటే పెయింటరు వింటేగా! అతని కళ్ళు పూత మీదున్నాయి. మొదటి రేజరు బూడిద రంగుది. దాన్ని ట్యూబులైటు కిందకి ఎత్తి చూస్తే పైన ఇసుక చల్లినట్టు గరుకు. తన దగ్గరైతే మొత్తం గీకించి మళ్ళీ వేయించేవాణ్ణన్నాడు. రెండోది ఫరవాలేదు కానీ పిడి దగ్గర పూత కారి గడ్డకట్టింది. మూడోదాన్ని ఎత్తాడు. ట్యూబులైటు అందులో గీత గీసినట్టు నిటారుగా, ఎక్కడా వంకర లేకుండా కనబడింది. అతను మనసు అక్కడే పారేసుకున్నాడు.

"మీ చర్మం ఎలాంటిదండీ?" అని అడిగాడు షాపాయన.

"నా గడ్డం ఇనుమండీ."

"గడ్డం సంగతి కాదు, చర్మం సంగతి."

మూడోది ఆ మూడింట్లోనూ కరుకైనదని షాపాయన ఇంకోసారి హెచ్చరించాడు. పెయింటరు అప్పటికే దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున్న నురగ పట్టించి, తుప్పుపట్టిన రేకుని చూసినట్టు తన మొహాన్ని చూసుకున్నాడు. రేకుని ఎలా గీకాలో అతనికి ఒకరు చెప్పాలా? గట్టిగా అదిమి, కింద నుంచి పైకి, వెంట్రుకకి ఎదురు లాగాడు. ఐదు నిమిషాల్లో ఆరు చోట్ల తెగింది. తెగినచోటల్లా కాగితం ముక్క అంటించుకుని బయటికి రాగానే వెనక గదిలో కుట్టుమిషను ఆగింది.

"ఎవరితో దెబ్బలాడారు?" అంది భార్య.

"ఎవరితోనూ కాదు, నా మొహంతోనే," అన్నాడు.

మామగారు పకపకా నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు చాలాసేపటికి గానీ ఆగలేదు. భార్య వెళ్ళి వీపు నిమురుతూ నిలబడింది. అప్పటిదాకా మొహం మాడ్చుకునున్న పెయింటరుకి తన గాట్ల సంగతే గుర్తులేకుండా పోయింది.

బుధవారం మొహం చెల్లకపోయినా షాపుకి వెళ్ళాడు. షాపాయన కనుబొమలు పైకెత్తి దించాడు. వాడిన రేజరు వెనక్కి తీసుకోరు కదా, మళ్ళీ డబ్బులిచ్చి, మూడింట్లోకీ మెత్తటిదైన ఆ ఇసుక పూత బూడిద రేజరే కొన్నాడు. గాట్లు మానేదాకా, అంటే శనివారం దాకా, మొహం జోలికి వెళ్ళవద్దని షాపాయన ఆజ్ఞాపించాడు. పెయింటరు బుద్ధిగా తలూపాడు.

శనివారం అతను నురగ కలుపుతుండగా భార్య చేతిలో సుద్దబిళ్ళ పట్టుకుని వచ్చింది. బట్టల మీద గీతలు గీసుకునే సుద్ద అది. అతన్ని స్టూలు మీద కూచోబెట్టి, దవడ మీద వేళ్ళతో అటొకసారి ఇటొకసారి నిమిరి చూసింది.

"వెల్వెట్టు గుడ్డ కోసేటప్పుడు ముందు చేత్తో నిమిరి నూగు ఎటు వాలుందో చూస్తాను. అది చూడకుండా కత్తెర పెడితే గుడ్డంతా దండగ. మీరు మీ మొహాన్ని ఎప్పుడైనా నిమిరి చూశారా?"

"నా మొహం నేనెందుకు నిమురుకుంటాను?"

"అందుకే ఇలా అయింది. కదలకండి."

బుగ్గల మీద కిందకి రెండు బాణాలు వేసింది. గడ్డం కింద అడ్డంగా ఒకటి. మెడ మీద ఎడంపక్క వెంట్రుకలు సుడి తిరిగి చెవివైపు వాలి ఉన్నాయి, అక్కడ ఒక వంకర బాణం వేసింది. పదహారేళ్ళుగా ఆ సుడికి ఎదురు గీకుతున్నాడు మహానుభావుడు! పొక్కులన్నీ లేచేది అక్కడే. నురగ రాస్తే ఈ బాణాలన్నీ పోతాయి కదా అని అతను సణిగాడు. అద్దంలో చూసి బట్టీపట్టమంది.

అతను బట్టీపట్టి, నురగ రాసి, రేజరు బుగ్గకి ఆనించాడు. ముందు గదిలోంచి మామగారు చూస్తూనే ఉన్నారు.

"నొక్కకు," అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "గన్నుని తలుపుకేసి రుద్దుతావా? దాని బరువుతో దాన్ని పోనీ."

పెయింటరు చెయ్యి దానంతటదే తేలికైంది. ఈ మాట ఆయన తనకి మొదటిరోజే చెప్పారు, వేరే పని మీద. రేజరు చిన్నగా చిటపటమంటూ వాలువెంట దిగింది. ఆదివారం పొద్దున్న దవడ తడుముకుంటే ఒక్క పొక్కు లేదు. సోమవారం మళ్ళీ బాణాలు వేయించుకుని, మళ్ళీ గీసుకుని పనికి వెళ్ళాడు.

సేఫ్టీ ఆఫీసరమ్మ ముసుగు తొడగబోతూ ఆగి, చెవి కింద ఈ తెల్ల బాణం ఏమిటని అడిగింది. నురగ అందక అదొక్కటీ మిగిలిపోయింది. మా ఆవిడ దారి చూపించిందండీ అన్నాడు. ఆవిడ నవ్వాపుకుని పిచికారీ అందుకుంది.

అతను తల తిప్పాడు, వంగాడు, లేచాడు. కాగితం పైకి చదవడం మొదలుపెట్టాడు. చదవడం పూర్తయింది. నాలుకని నోరంతా తిప్పి వెతికాడు, ఎక్కడా చేదు లేదు. అయినా నమ్మకం కుదరలేదు, తన నాలుకే మొద్దుబారిందేమోనని అనుమానం. మాస్కు తీశాక ఇంకోసారి కొట్టమని ఆవిణ్ణి బతిమాలుకున్నాడు. కొట్టగానే నోరంతా విషమైపోయింది. అప్పుడు గుండెలనిండా ఊపిరి పీల్చుకుని రంగు గదికి నడిచాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామగారు కిటికీ దగ్గర కూచుని ఉన్నారు. చేతిలో ఆ మెరిసే రేజరుంది. దాన్ని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, కిటికీ చువ్వలు అందులో ఎలా కనబడుతున్నాయో చూస్తున్నారు. పెయింటరు గుమ్మంలోనే ఆగిపోయాడు. తన చూపు ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి తెలుసు, అయినా ఎదురుగా చూస్తే వింతగా అనిపించింది.

"పూత బాగుంది," అన్నారాయన. "నేనైనా ఇదే కొందును."

నీళ్ళూ సబ్బూ తెప్పించుకున్నారు. ఒక గీత గీసి ఆగారు, ఊపిరి తీసుకుని ఇంకో గీత గీశారు. నొక్కే ఓపిక ఆయనకి లేదు, రేజరు తన బరువుతో తానే దిగింది. అల్లుణ్ణి ఆరు చోట్ల కోసిన కరుకు రేజరు ఆయన మొహం మీద చుక్క రక్తం చిందించలేదు. ఒక బుగ్గ పూర్తయ్యాక నీళ్ళలో ముంచి జాడించారు.

"చేదు తగిలిందా?"

"లేదు మామయ్యా."

"నిజం చెప్పు."

"నిజమే. మాస్కు తీశాకే తగిలింది. కావాలని కొట్టించుకున్నాను."

ఆయన రేజరు పక్కన పెట్టారు.

"మాకెవరూ చేదు చూపించలేదు అల్లుడూ," అన్నారు. ఆగారు. "మా రంగు తియ్యటి వాసనొచ్చేది. మంచిదేననుకున్నాం."

ఈ మనిషంటే తనకెంత ప్రేమో, ఆయన పోగొట్టుకున్న ఊపిరి తలుచుకుంటే ఎంత దుఃఖమో, రెండూ పెయింటరుకి ఒక్కసారే ముంచుకొచ్చాయి. అతను బ్రష్షు తీసుకుని నురగ కలిపి, ఆయన రెండో బుగ్గకి పట్టించాడు. కుట్టుమిషను ఆపి వచ్చిన భార్య చేతిలో సుద్దబిళ్ళ ఉంది.

"నా వాలు నాకు తెలుసులేవే," అన్నారు మామగారు. ఊపిరి తీసుకుని, రేజరు అందుకుని, రెండో బుగ్గ మొదలుపెట్టారు.