పాతర జొన్నలు

వరమ్మ చేటను ఎగరేసి, వంచి, మళ్లీ ఎగరేసింది. జొన్నల్లోంచి నల్లటి దుమ్ము లేచి మొగాన పడింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ చేటకే కావాలి.

పాతర తీసినప్పుడల్లా ఇదే తంతు. నేలలో గుంత తవ్వి దాచిన జొన్నల్లో నడిమివి తెల్లగా ఆసామి ఇంటికి పోతాయి. గోడల పక్కన చెమ్మ తగిలి బూజుపట్టినవి కూలోళ్లకు. పైగా అదేదో ధర్మం చేసినట్టు మాటలొకటి!

చెరగడంలో వరమ్మకు కోడుమూరు దాకా పేరుండేది. అట్లాంటి మనిషికి కీళ్లవాతం వచ్చి వేళ్లు కొంకర్లు పోయాయి. నాలుగేళ్లు మొగుడు కంబన్నే ఆమెకు జుట్టు ముడేశాడు, ముద్ద నోట్లో పెట్టాడు. నొప్పి కంటే ఆ సిగ్గే ఆమెను ఎక్కువ తినేసింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడి డాక్టరొకాయన కొత్తగా వచ్చిన మాత్రలిచ్చాడు. నెల తిరక్కుండానే వేళ్లు విచ్చుకున్నాయి. తన కొప్పు తానే చుట్టుకుని వీధంతా తిరిగొచ్చింది వరమ్మ! ఆ ఏడు ఊళ్లో పాతర్ల గింజలన్నీ ఆమే చెరిగింది.

తర్వాత దగ్గు పట్టుకుంది. మనిషి ఎముకల గూడైంది. ఊరంతా క్షయ అన్నారు. నిన్న డాక్టరు తెమడ పరీక్ష చేసి, కాదన్నాడు.

"ఊపిరితిత్తుల్లో బూజు పెరుగుతోందమ్మా. ఆ మాత్రలు నొప్పితో పాటు ఒంట్లో రోగాన్ని ఆపే శక్తినీ తగ్గిస్తాయి. మెల్లగా మానేద్దాం. ఆ బూజు గింజల జోలికి మాత్రం పోవద్దు, వాటి దుమ్మే లోపలికి పోయింది."

"మానేస్తే నా చేతులు?"

డాక్టరు చీటీ మీద మాత్రలు తగ్గించి రాశాడు.

ఈ పొద్దున ఆమె మాత్ర మింగి చేట పట్టుకుంది.

"వద్దని చెప్తే మల్లా చెరుగుతాండావా? సావాలనుండాదా నీకు?" కంబన్న అరిచాడు.

"బతకాలనే. రాత్రి సంకటికి గింజలు యాడుండాయి? నీ చేత తినిపిచ్చుకునే బతుకు నాకొద్దు."

అతను చేట లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. ఒకప్పుడు గ్లాసు కూడా పట్టలేని వేళ్లవి. ఆ పట్టు చూసి అతనికి ఏడుపొచ్చింది. కడవ ఎత్తుకుని నీళ్లకు పోయాడు.

తిరిగొచ్చేసరికి వరమ్మ గోడకు ఒరిగి ఉంది. పెదవి చివర నెత్తుటి చార. దగ్గు లేదు. పిలిచాడు, కదిపాడు. ఊపిరి ఆడలేదు. ఆమె వేళ్లను చేట అంచు నుంచి ఒక్కొక్కటే విడదీశాడు.

చేటలో నల్లగింజలు అంచుకు చేరి ఉన్నాయి. నడుమ, ఒక్క పూట సంకటికి సరిపడా తెల్లజొన్నలు.