దొర గుర్రమెక్కిన ఉదయ్

గుర్రం మాకు అద్దెకు దొరికింది ఆ ఒక్క మధ్యాహ్నమే. చిన్న తేడా వచ్చినా వెనక్కి తోలుకుపోతానని గుర్రాల రాంచ్ యజమాని ముందే చెప్పాడు. గుర్రం లేకపోతే నా కౌబాయ్ సినిమా లేదు. సినిమా లేకపోతే, డైరెక్టర్‌నని అమెరికాలో మా ఊరు బెంటన్‌విల్ అంతా డప్పు కొట్టుకున్న నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, రాత్రి స్క్రిప్టు. తెలుగు సంఘం వాళ్ల షార్ట్ ఫిల్మ్ పోటీకి 2010లో రాసిన కథ అది. కౌబాయ్ అమెరికా వాళ్లదైనా చరిత్ర మనదే. నిజాం కాలం. కోటలాంటి గడిలో ధాన్యం దాచిన దొర. వెట్టివాడు హనుమయ్య దొర గుర్రమెక్కి, తుపాకీ తిప్పుతూ ఆ ధాన్యం ఊరికి పంచేస్తాడు.

"వెట్టివాడికి హార్స్ రైడింగ్ ఎవరు నేర్పారన్నా?" కెమెరా సర్దుతూ జెమీమా అడిగింది.

"కౌబాయ్ కదమ్మా. వచ్చేస్తుంది."

ధోవతి, తలపాగా, బొమ్మ తుపాకీతో హీరో ఉదయ్ గుర్రమెక్కాడు. అంతకుముందు అతనెక్కింది మాల్‌లో నాణెం వేస్తే ఊగే గుర్రాన్నే.

"అన్నా, బ్రేక్ ఎక్కడ?"

"కళ్లెం పట్టుకుని స్టైల్‌గా నవ్వరా!"

ముహూర్తం షాట్‌కి కొబ్బరికాయ కొట్టకపోతే అది తెలుగు సినిమా ఎలా అవుతుంది? గుర్రానికి బొట్టు పెట్టాను. ఊరుకుంది. హారతిచ్చాను. చెవులు వెనక్కి వాల్చింది. భక్తి అనుకున్నాను. దాని కాళ్ల ముందున్న రాయి మీద కొబ్బరికాయ ఫటేలున కొట్టాను.

తర్వాత కనిపించింది దుమ్మే. అందులోంచి ఉదయ్ కేక. "అమ్మా! ఆపండ్రా! అమ్మా!"

గుర్రం నేరుగా పొలం అవతలున్న తన శాలకు వెళ్లి గడ్డి దగ్గర ఆగింది. ఉదయ్ ఇంకా దాని మెడ కావలించుకునే ఉన్నాడు. యజమాని మాట మీద నిలబడ్డాడు. గుర్రాన్ని లోపల కట్టేశాడు. నేను నేల మీద కూలబడి కొబ్బరి ముక్క నమిలాను.

"కెమెరా ఆన్‌లోనే ఉందన్నా. షాట్ చూడు," అంది జెమీమా.

"ఏం చూడను? హీరో ఏడుస్తున్నాడు!"

"హనుమయ్య మాత్రం ఏడవడా? బతుకంతా ఆ గుర్రానికి గడ్డి కోసినోడు. ఎక్కితే దొర చంపుతాడు. ఫస్ట్ టైమ్ ఎక్కాడు. నవ్వుతూ గన్ తిప్పుతాడా?"

కొబ్బరి ముక్క పక్కన పెట్టి షాట్ చూశాను. ఇంకోటి తీద్దామన్నా గుర్రం లేదు. ఆ పరుగుతోనే సినిమా మొదలుపెట్టి, మిగతాదంతా కాలినడకన లాగించాం.

ప్రదర్శనలో ఆ షాట్‌కి హాలంతా కుర్చీల్లో ముందుకు వంగింది. బహుమతి చేతికిస్తూ న్యాయనిర్ణేతలు, నటుడిలో అంత సహజమైన భయం ఎలా రాబట్టారని అడిగారు.

"ఆర్టిస్టుకి ముందుగా ఏమీ చెప్పను," అన్నాను గంభీరంగా. "అది నా మెథడ్."

పక్కనే నిలబడ్డ ఉదయ్ బూటు మడమతో నా కాలు తొక్కాడు.

"అమ్మా!" అన్నాను. మైకు ఆన్‌లోనే ఉంది.