వెన్నదెబ్బ

పుష్యమాస ప్రభాతవేళ విశాఖ సాగరమునుండి లేచిన దట్టపు మంచు తీరోపాంత గాల్ఫు మైదానము నెల్ల నావరించి సరుగుడుతోపులను మొదలుమట్టునకు మాత్రమే కానరానిచ్చి నూరడుగుల కవల నేమున్నదో నరమాత్రునకు తెలియనీయక నిలిచియుండెను. తరంగఘోషము వినవచ్చుచుండెనే కాని తరంగము కానరాదు. ఆ మంచులోనుండి కోరుకొండ పైడిరాజు మెల్లమెల్లగా నడచివచ్చెను.

యౌవనమున పరుల గాల్ఫుసంచులు మోసిన ఈ పైడిరాజు అరువదిమూడేండ్ల ప్రాయమునకు ఐరనులనబడు ఇనుపతల కర్రల గుణదోషములను కేవలస్పర్శచేతనే నిర్ణయింపజాలిన పరీక్షకుడని పేరువడసెను. ఆ విద్యలో నతనిది అందెవేసిన చేయి. బంతి ఐరనుముఖమున నట్టనడుమ తగిలెనేని చేతికేమియు తగిలినట్లే యుండదు. అంచున తగిలెనా, అందునను చలివేళ, తేలుకుట్టినట్లు మోచేతిదాక జివ్వుమనును. మొదటిదానికి పైడిరాజు పెట్టుకొన్న పేరు వెన్నదెబ్బ. అతడు వెన్న యన్నది వెన్న. కాదన్నది ఎంత పేరుమోసినదైనను ఇనుపముక్క. చదువా లేదు, పొలమా లేదు. ఆ స్పర్శజ్ఞానము తక్క లోకమున తనదని చెప్పుకొన నతనికేమియు లేదు.

అచ్చట నతనికై వేచియున్నది హైమావతి. కీర్తిశేషుడైన సహచరుని కూతురు. పైడిరాజుచేతనే ఆట నేర్చినది. పదిదినములలో జాతీయజట్టు ఎంపికపోటీ. లోన డొల్లచేసి మెత్తని పదార్థము నింపిన నవీనపు ఐరనులను తెప్పించి, పాతవి విడిచి వీనిని చేపట్టవలెనా వలదా యను తీర్పును పినతండ్రివంటి యా వృద్ధుని చేతికి విడిచెను.

"సిన్నాన్నా, ఎడంకాలి చెప్పేదీ?" అని యామె నవ్వెను.

పైడిరాజు క్రిందికి చూచుకొని గతుక్కుమనెను. చెప్పు దారిలో నెచ్చటనో జారిపోయినది. ఎంతదూరము వట్టికాలితో నడచెనో తెలియదు. "మంచు మింగీసినాదమ్మా" అని తానును నవ్వెను. పండ్రెండేండ్ల మధుమేహము, కాళ్లు మొద్దువారుట క్రొత్తగాదు. చేతుల మాట మాత్ర మతడెన్నడును తలపోయలేదు.

బంతి తగిలినచోటు తెలియుటకై హైమావతి ఐరనుముఖమున పలుచగా పౌడరు చల్లబోయెను.

"అరిసేతి పుండుకి అద్దమెందుకమ్మా?" అని పైడిరాజు చీదరించుకొనెను. ఆమె నవ్వుచునే చల్లెను.

అతడు కొట్టెను. చేతికేమియు తగులలేదు. బంతిని మంచు మ్రింగెను. మరల కొట్టెను, మరల నదే. నడుమ తగిలినను అంచున తగిలినను ఒక్కటే మెత్తనిచప్పుడు చేయునట్లు కల్పింపబడిన ఐరనగుటచే చెవియు నతని హెచ్చరింపలేదు. ఐదవబంతి పోవునప్పటికి వృద్ధుని కన్నులు చెమ్మగిలెను.

"ఎన్నదెబ్బమ్మా! ఐదుకి ఐదూ ఎన్నే! నలబయ్యేళ్లలో ఇలాటి ఐరన్ నేను పట్టనేదు. ఇయ్యే అట్టుకెళ్లు!"

హైమావతి ఐరనుముఖము నతనివైపు త్రిప్పెను. ఐదు గుండ్రనిగురుతులును కొనయంచున నొకదానిపై నొకటి యిరుకుకొనియుండెను. నట్టనడుమ పౌడరు చెక్కుచెదరలేదు.

"ఇవి తప్పు కాసే ఐరన్లు సిన్నాన్నా, అంచున తగిలినా జివ్వుమనవు. అందుకే నీకు తెలిసుండదు" అని యామె మెల్లగా ననెను.

మునిగిపోవువానికి గడ్డిపోచ దొరకినట్లయ్యెను. "అదే, అదే" అనుచు పైడిరాజు తన సంచిలోని పాత పోతయుక్కు ఐరనును పెరికికొనెను. అది తప్పును సైరించు జాతి కాదు. ఎందరు దొరబాబులచేత కేకలు వేయించినదో! దానితో బుద్ధిపూర్వకముగా అంచున కొట్టెను. ఖంగున మ్రోగిన కర్కశధ్వనికి తోపులోని కాకులు లేచెను. చెవి వినెను. చేతికి మాత్రము వెన్న.

అక్కటా! లోకమెల్ల నొప్పి పోగొట్టుమని వేల్పులకు మ్రొక్కును. "అప్పన్నా, ఒక్క నొప్పియ్యి తండ్రీ, ఒక్క జివ్వు!" అని సింహాద్రినాథుని వేడుకొనుచు ఐరను మడమయంచున, కొనయంచున, బంతి నడినెత్తిన, తుదకు వట్టినేలపై కొట్టెను. ఎన్నిదెబ్బలో హైమావతి లెక్కింపలేదు. పిడి ఎర్రబడుట చూచి పరుగున వచ్చి యతని మణికట్లు పట్టుకొనెను.

"సిన్నాన్నా! అరచెయ్యి చిట్లిపోయింది! నొప్పెట్టట్లేదా?"

పైడిరాజు తన యరచేతిని పరుని చేతిని చూచినట్లు చూచెను.

"ఎన్నమ్మా" అనెను. "అంతా ఎన్నే."

ఏ ఐరను చేపట్టవలెనో హైమావతి మరల నడుగలేదు. ఆమె రుమాలుతో నా చేతికి కట్టుకట్టి ముఖము ప్రక్కకు త్రిప్పుకొని యేడ్చెను.

అంతట ఎండపొడ సోకి మంచు విచ్చెను. వెన్నదెబ్బలని తాను చాటిన యైదుబంతులును లక్ష్యమునకు సగముదూరమైన పోక కుడివైపు సరుగుడుచెట్ల మొదట పడియుండుట పైడిరాజు చూచెను. వానిని అచ్చట విడుచుట కతనికి మనసొప్పలేదు. హైమావతి వలదన్నను వినక ఒంటిచెప్పుతో నా తోపునకు నడచి, వంగి, ఒక్కొక్కటే ఏరుకొనెను; ఎత్తినప్పుడెల్ల బంతి చేతికి వచ్చెనో లేదో కన్నులతో చూచుకొనుచుండెను.