దుంగకూ ఇంజనుకూ మధ్య చెయ్యి

మా మామయ్య వాదనలో ఓడిపోవడం ఎవరూ చూడలేదు. కాపురానికొచ్చి ఇన్నేళ్లయినా తానూ చూడలేదని అత్తయ్యే చెబుతుంది. నేనేమో మోటార్లకు తీగ చుట్టేవాళ్ల ఇంట్లో పుట్టాను. కరెంటుతో తిరిగేది మోటారు, నూనె మండించుకుని తిరిగేది ఇంజను. ఇది నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. ఆయన మాత్రం పడవలో ఉన్నదాన్ని మోటారనే అంటారు. ఆ రోజు కూడా పొద్దున్నే మొదలుపెట్టారు.

“మోటారు దించుదాం రామ్మా.”

“ఇంజను, మామయ్యా.”

“మరి మోటార్ సైకిల్ అంటారెందుకు? కరెంటు తీగ ఈడ్చుకుంటూ తిరుగుతుందా అది?”

నాకు ఒళ్లు మండింది.

పాత ఇంజను చల్లబరిచే నీళ్ల గొట్టం పూడుకుపోయి, వేడెక్కి పగిలిపోయింది. దాన్ని ముందురోజే గట్టు మీదికి లాగేశాం. దాని బదులు తెచ్చినదాన్ని షెడ్డు దూలానికున్న చైన్ కప్పీకి తగిలించి, కింద నీళ్లలో కట్టేసిన పడవలోకి దించుతున్నాం. గొలుసు నా చేతిలో ఉంది. మామయ్య పడవ అడుగున పక్కకు పడుకుని, ఇంజను కూర్చునే దుంగల మీద బోల్టు కన్నాలు తడుముతున్నారు. మా ఆయన పొడుగు బోల్టుల కోసం బజారుకు వెళ్లాడు. పక్క షెడ్డుకు ఆ రోజు సెలవు.

కాలువలో ఏదో పెద్ద బోటు పోయింది. దాని అల తగిలి మా పడవ ఊగింది. ఇంజను చుట్టూ వేసిన బెల్టు జారింది. ఇంజను ఒరిగి, దాని ఇనప కాలు మామయ్య కుడిచేతి మీద దిగింది.

ఆయన అరవలేదు. “ఎత్తు” అన్నారు, అంతే.

గొలుసు లాగాను. రాలేదు. కప్పీలో లంకె అడ్డంపడి బిగుసుకుపోయింది. పైకీ పోదు, కిందికీ రాదు. గునపం పెట్టి లేపబోతే బెల్టు ఇంకాస్త జారింది.

“వద్దు, వద్దు! మొత్తం మీద పడుతుంది” అన్నారు.

ఫోను గట్టు మీద ఉంది. ఒక్క ఉదుటున గట్టెక్కాను. అప్పుడు అరిచారు మామయ్య. నేను పడవలోంచి దిగేసరికి అది తేలికై కాస్త పైకి లేచింది. దూలానికి బిగుసుకున్న ఇంజను దాంతోపాటు లేవదు కదా. ఫోను తీసుకుని మళ్లీ లోపలికి దూకాను. ఆయన ఊపిరి వదిలారు. కళ్లారా చూశాను గానీ, ఆ కంగారులో నా బుర్రకు ఎక్కలేదు.

“వచ్చేస్తున్నా, జాకీ పట్టుకొస్తున్నా” అన్నాడు మా ఆయన. వంతెన అవతల ఇరుక్కుపోయాడట.

ఈలోగా సముద్రపు పోటుకు కాలువలో నీళ్లు ఎక్కడం మొదలైంది. గట్టు మెట్టొకటి నీళ్లలోకి పోయింది. నీళ్లు ఎక్కినకొద్దీ పడవ లేస్తుంది, పడవ లేచినకొద్దీ ఆ చెయ్యి నలుగుతుంది. నేను చూస్తూ కూర్చోవాలి. మామయ్య కళ్లు మూతలు పడుతున్నాయి. స్పృహ తప్పి ఒళ్లు వాలిస్తే చెయ్యి విరిగిపోతుందని భయమేసింది. ఆయన్ని మెలకువగా ఉంచడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే.

“మామయ్యా, ఇది మోటారైతే నీళ్లు తోడేదాన్ని ఏమంటారు?”

“అదీ మోటారే.”

“మిక్సీలో ఉండేది?”

“అదీ మోటారే. తిరిగేదల్లా మోటారే.”

“ఇప్పుడు మీ తల తిరుగుతోందిగా, అదీ మోటారేనా?”

నవ్వబోయారు. నవ్వు రాలేదు. పెదవులు తెల్లబడ్డాయి.

“చెప్పండి మామయ్యా! పడుకోకండి!”

“సరేనమ్మా” అన్నారు. “ఇంజనే. నువ్వన్నదే నిజం.”

పెళ్లయినప్పటినుంచీ ఆ మాట కోసం పోట్లాడుతున్నాను. తీరా విన్నాక, మనిషి చేజారిపోతున్నారని తెలిసిపోయింది. ఇక జాకీ వచ్చేదాకా ఆగడం నా వల్ల కాదు.

పడవను కిందికి దించాలి. బరువు కావాలి. గట్టు మీదున్న పాత ఇంజను నేను కదిపితే కదిలేది కాదు. అసలు నేను గట్టెక్కితేనే ఆయన చెయ్యి పోతుంది. దగ్గర్లో బరువంటూ ఉన్నది నీళ్లే.

వెనక్కి పాకి, అడుగు చెక్క లేపి, పడవలో చేరిన నీళ్లు వదిలే కన్నానికి బిగించిన బిరడాను పానా వేసి తిప్పాను.

“ఏం చేస్తున్నావ్?” మామయ్య గొంతు ఒక్కసారిగా లేచింది. “వద్దమ్మా. నీకు దండం పెడతా, అది తియ్యకు.”

తీసేశాను. నీళ్లు బుసబుసమంటూ ఎగదన్నాయి. నూనె తేలుతున్న ఆ నీళ్లు ఆయన నడుము దాకా, ఛాతీ దాకా వచ్చాయి. పడవ దిగుతోందో లేదో తెలియడం లేదు. అది చాలినంత దిగకపోతే ఆయన్ని నా చేతులతో నేనే ముంచినట్టు. గడ్డం కింద చెయ్యి పెట్టి తల ఎత్తి పట్టుకున్నాను. నీళ్లు నా మోచేతిని తాకాయి. అప్పుడు ఇనప కాలికీ దుంగకూ మధ్య సందు కనిపించింది. చెయ్యి బయటికి వచ్చింది.

ఆయన్ని మెట్ల మీదికి ఈడ్చేసరికి వెనక పడవ అంచుల దాకా మునిగి, చెక్కలు పటపటమన్నాయి. ఇంజను మాత్రం తడవకుండా పైన వేలాడుతోంది.

మామయ్య చెయ్యి చూసుకోలేదు. పడవనే చూస్తున్నారు.

“అతుకుల మీద బతుకుతున్న పడవమ్మా. మునిగితే మళ్లీ ఒక్క ముక్కగా పైకి రాదు.”

“నాకు వేరే దారి తోచలేదు మామయ్యా.”

“దారి అదొక్కటే. నువ్వు గట్టెక్కినప్పుడే నాకు తెలిసింది.”



“మరి చెప్పలేదేం?”

“చెబితే బిరడా పీకేస్తావని.”

నేను ఆ పిచ్చి ప్రశ్నలన్నీ వేస్తున్నంతసేపూ ఈ మొండి మనిషి పళ్లు బిగబట్టి పడవను కాపాడుకుంటున్నారన్నమాట. తిట్టాలని నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది. చున్నీ తీసి, చుట్టేముందు ఆ చెయ్యి నా ఒళ్లో పెట్టుకున్నాను.

“వేళ్లు కదపండి మామయ్యా.”

బొటనవేలు కదిలింది. చూపుడువేలు కదిలింది.

“మిగతావి కూడా.”

“కదుపుతూనే ఉన్నానమ్మా” అన్నారు మామయ్య.